హస్తవాసి

హస్తవాసి అనే మాట మామూలుగా డాక్టర్ల గురించి అంటారు. ఇద్దరు డాక్టర్లు ఒకే మందు రాసినా, ఒకరి చేతి మీదుగా తీసుకుంటేనే జబ్బు తగ్గుతుందని ఒక నమ్మకం. ఆ మాటను మా వదిన పనిచేసిన పరిశోధనశాలలోకి మోసుకొచ్చింది అక్కడి పెద్దసారే. మోసుకొచ్చినవాడు దాన్ని ఏదైనా మంచిపనికి వాడాడా అంటే అదీ లేదు. నోట్లో మాట పెగలని ఒక ఆడపిల్ల నెత్తిన దాన్ని పడేసి, చేతులు దులుపుకున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందుకే మా వదిన గురించి ఎవరైనా అడిగితే నేను మెల్లగా చెప్పలేను.

నాది ఫోటోల దుకాణం. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను, పాతవి బాగుచేస్తాను, గోడంత పోస్టర్లు ప్రింటు చేస్తాను. కుటుంబం ఫోటోలోంచి పడని బావమరిదిని తీసేయమంటే తీసేసి, అతను కూర్చున్న సోఫాకి మిగతా సగం నేనే అతికిస్తాను. కాబట్టి కత్తిరింపుల గురించి నాకెవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. దుకాణం పైన మేడ మీద అన్నయ్య, వదిన, వాళ్ళమ్మాయి, మా అమ్మ, నేను అంతా కలిసే ఉంటాం.

వదిన చాలాకాలం బడిలో సైన్సు టీచరు. కూతురు పెద్ద క్లాసులకి వచ్చాక, జడలో తెల్లవెంట్రుకలు కనబడుతుండగా, మెడికల్ కాలేజీలో డాక్టరేటు కోసం చేరింది. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. మా అన్నయ్య బస్సు డిపోలో టైర్ల సెక్షన్ చూస్తాడు, ఆయనకి టైర్లు తప్ప ఏదైనా ఆశ్చర్యమే. అయినా వదిన చేరతానన్న రోజు ఆయన ఒకే మాట అన్నాడు. "చదువుకోవే, నాకు మాత్రం అర్థమయ్యేలా చెప్పకు, నిద్రొస్తుంది."

పరిశోధన అంటే ఆమెకి పుట్టుబుద్ధి అనుకుంటాను. కొత్త సబ్బుపొడి కొంటే అన్నయ్య తెల్లచొక్కాని సగమే దాంతో ఉతికేది. మిగతా సగం అలాగే వదిలేసేది. లేకపోతే పొడి పనిచేసిందో, ఎండకి తెల్లబడిందో ఎలా తెలుస్తుందని ఆమె ప్రశ్న. ఒకసారి అన్నయ్య చూసుకోకుండా ఆ చొక్కా వేసుకుని డిపోకి వెళ్ళాడు. ఆ రోజునుంచి అక్కడ ఆయన పేరు సగం చొక్కా.

ఇంట్లో పెద్ద ఇబ్బంది ఏమిటంటే, వదిన పరిశోధన దేనిమీదో నలుగురిలో చెప్పుకోలేకపోవడం. కిడ్నీలు పాడవడం మొదలైనవాళ్ళ మూత్రంలో ఒక ప్రొటీన్ అందరికన్నా ముందే కనబడుతుందేమో, దాన్ని బట్టి జబ్బుని తొలిదశలోనే పట్టుకోవచ్చేమో అన్నది ఆమె పని. "మీ కోడలు దేనిమీద చదువుతోందండీ?" అని ఎవరైనా అడిగితే, మా అమ్మ కాసేపు తడబడి "నీళ్ళ మీద" అనేది.

ఆ ప్రొటీన్‌ను పట్టుకోవడానికి వాడేది యాంటీబాడీ. అదేమిటో నాకు దుకాణంలో కూర్చోబెట్టి చెప్పింది వదినే.

"చూడు మరిదీ, ఒక పెళ్ళికి వెయ్యిమంది వచ్చారు. అందులో మీ మేనత్త ఎక్కడుందో కనిపెట్టాలి. ఏం చేస్తావ్?"

"గొంతు వినబడుతుందిగా."

"గొంతెత్తలేదనుకో."

"అయితే ఆవిడ మా మేనత్త కాదు."

"అబ్బా, విను. మీ అత్తని తప్ప ఇంకెవరి చెయ్యీ పట్టుకోని ఒక పసిపిల్ల ఉందనుకో. ఆ పిల్ల చేతికో దీపం ఇచ్చి జనంలోకి వదిలావు. అది ఎవరి దగ్గరా ఆగకుండా సూటిగా వెళ్ళి మీ అత్త చెయ్యి పట్టుకుంటుంది. దీపం ఎక్కడ ఆగితే మీ అత్త అక్కడున్నట్టే కదా? ఆ పిల్లే యాంటీబాడీ."

ఆ పసిపిల్లని తయారుచేసేది కుందేలు. మనకు కావలసిన ప్రొటీన్‌ను కుందేలు ఒంట్లోకి సూదితో ఎక్కిస్తే, అది దాన్ని పరాయిదనుకుని, పట్టుకోవడానికి పనికొచ్చే సరుకుని తన రక్తంలో తయారుచేసుకుంటుంది. ఆ రక్తంలోంచి తీసి, చిటికెన వేలంత సీసాలో పోసి, నంబరు వేసి కంపెనీలు అమ్ముతాయి. వాళ్ళ కేటలాగు పేజీలో నంబరు పక్కన ఒక ఫోటో కూడా వేస్తారు. మా సరుకు ఇంత చక్కగా పట్టుకుంటుంది చూడండి అని.

వదిన వాళ్ళు ముందు మూత్రంలోని ప్రొటీన్లను కరెంటు పెట్టి బరువు ప్రకారం విడదీస్తారు. వాటిని కాగితంలాంటి తెల్లని పొర మీదకి దించి, పాలపొడి కలిపిన నీళ్ళలో నానబెడతారు. అలా చేయకపోతే యాంటీబాడీ కనబడ్డచోటల్లా అంటుకుంటుందట. ఆ తర్వాత యాంటీబాడీ పోసి, కడిగి, చీకటి పెట్టెలో ఫోటో తీస్తే ప్రొటీన్ ఉన్నచోట నల్లగా ఒక గీత వస్తుంది. దాన్ని వాళ్ళు బ్యాండు అంటారు. "అత్తయ్యా, ఇవాళ బ్యాండు వచ్చింది" అని వదిన ఇంటికొచ్చి చెబితే, మా అమ్మ మొదట్లో వీధిలోకి తొంగి చూసేది.

పొర మీద ఒక్కో మనిషి నమూనాకి ఒక్కో లేన్, అంటే ఒక్కో నిలువు వరస, ఉంటుంది. చివరి లేన్‌లో మాత్రం, ఆ ప్రొటీన్ అసలు పుట్టకుండా చేసిన కణాల రసం పోస్తారు. అక్కడ ఏ గీతా రాకూడదు. వచ్చిందంటే యాంటీబాడీ ఇంకెవరి చెయ్యో పట్టుకుని మేనత్త దొరికిందని అబద్ధం చెబుతున్నట్టు. వదిన దాన్ని ఖాళీ లేన్ అనేది. అన్నయ్య చొక్కాలో ఉతకని సగం లాంటిదే అదీ.

వదిన చేసిన పొరలు చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. జబ్బున్నవాళ్ళ లేన్‌లో నల్లటి గీత, బాగున్నవాళ్ళ లేన్‌లో ఏమీ ఉండదు, ఖాళీ లేన్ ఖాళీ. ఫోటోలవాణ్ణి కదా, నాకే కుళ్ళొచ్చేది. ఆమె చెయ్యిపడితే ప్రయోగం ఇట్టే కుదురుతుందని లాబ్‌లో పేరు. వేరే గదులవాళ్ళు కూడా వచ్చి "అక్కా, ఒక్కసారి మీ చేత్తో పోసిపెట్టండి" అని బతిమాలేవారు. పెద్దసారు నలుగురిముందూ "హస్తవాసి అంటే ఈమెదయ్యా" అని మెచ్చుకునేవాడు. అబద్ధం ఎందుకు, వదిన కూడా ఆ మాటకి లోలోపల మురిసిపోయేది.

అప్పుడు ఆ లాబ్‌లో ఒక అమ్మాయి చేరింది. మాట పక్కవాడికి కూడా వినబడనంత మెల్లగా మాట్లాడేది కాబట్టి అందరూ మెల్లమ్మ అనేవారు. వదిన పని మూత్రంతో అయితే, మెల్లమ్మది అదే ప్రొటీన్‌ను కిడ్నీ ముక్కల్లో వెతికే పని. వదిన దగ్గర పాత సీసా ఇంకా ఉంది. మెల్లమ్మ కోసం అదే కంపెనీ, అదే నంబరుతో కొత్త సీసా తెప్పించారు.

మెల్లమ్మ పొర తీస్తే అన్ని లేన్లలో గీతలే. బాగున్నవాళ్ళకీ గీతే, జబ్బున్నవాళ్ళకీ గీతే. ఖాళీ లేన్‌లో కూడా నల్లగా, కొట్టొచ్చినట్టు గీత. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. పెద్దసారు పొర చూసి "ఎక్కడో ఒక లేన్‌లోది ఇంకో లేన్‌లోకి ఒలకబోస్తున్నావు" అన్నాడు. అమ్మాయి లేదంది. ఆమె లేదన్నది ఎవరికి వినబడింది గనక.

వదిన పక్కనే నిలబడి మొదటినుంచి చివరిదాకా చేయించింది. ఎక్కడా తప్పులేదు, ఫలితం మాత్రం అదే. ఆ రోజు ఇంటికొచ్చి "అన్నీ సరిగ్గానే చేస్తోంది, పాపం, కొందరి చేతికి అంతే" అంది. నేను కూడా అవునవునని తలూపాను. మెల్లమ్మ తన చేతుల్లోంచే ఏదో అంటుకుంటోందని భయపడి, ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లౌజులు వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక మీటింగులో, గది నిండా మనుషులున్నప్పుడు, పెద్దసారు ఆ ముక్క అననే అన్నాడు.

"నీకు హస్తవాసి లేదమ్మా. ఇది అందరివల్లా అయ్యే పని కాదు."

అమ్మాయి మానేసింది. సామాను తీసుకెళ్ళడానికి ఆమె తండ్రి వచ్చాడు. బడి గుమస్తా అట, చేతులు కట్టుకుని నిలబడి, మా పిల్ల ఏం తప్పు చేసింది సార్ అని అడిగాడు. ఆయనకి కూడా పెద్దసారు అదే మాట చెప్పి పంపించాడు. దారిపొడుగునా తండ్రి ఒక్క మాట మాట్లాడలేదని మెల్లమ్మ తర్వాత ఎవరితోనో అన్నదట.

కొన్నాళ్ళకి వదిన పాత సీసా అడుగంటింది. గీకితే ఇంకొక్క పొరకి సరిపోయేంత మిగిలింది. దాన్ని దాచిపెట్టి, మెల్లమ్మ వదిలేసి వెళ్ళిన కొత్త సీసా తెరిచింది. పొర తీసింది. అన్ని లేన్లలో గీతలే. ఖాళీ లేన్‌లో నల్లగా, కొట్టొచ్చినట్టు గీత.

ఆ వారమంతా ఆమె ఇంట్లో మనిషిగా లేదు. అన్నయ్య చొక్కా మొత్తం ఒకేసారి ఉతికేసిందంటే అర్థం చేసుకోండి. ఆఖరికి రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పెద్ద నంబరు కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో నంబరుంది. పాతదానిమీద ఒకటి, కొత్తదానిమీద వేరొకటి. కంపెనీ ప్రతినిధికి ఫోన్ చేసింది. మేమంతా భోజనాల దగ్గరున్నాం, ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"పాత కుందేలు పోయిందండీ" అన్నాడతను, ఆ ఇంటివాళ్ళని ఓదారుస్తున్నట్టు.

"పోయిందా?"

"వయసైపోయిందండి. ఇది రెండో కుందేలు."

"మరి సీసా మీద అదే నంబరుంది?"

"సరుకు అదే కదా మేడం."

"సరుకు ఎలా అదే అవుతుందండీ? ఒక కుందేలు పట్టుకున్నట్టు ఇంకో కుందేలు పట్టుకోవాలని ఏముంది? మీ పేజీలో ఫోటో కూడా పాత కుందేలుదే ఉంది."

"ఫోటో ఊరికే చూపించడానికండి."

"ఈ కొత్తదాన్ని ఖాళీ లేన్ మీద వేసి చూశారా?"

"మా పరీక్షల్లో పాసైందండి."

"ఏం పరీక్షలు?"

"అవి కంపెనీ లోపలి సంగతులండి. అయినా పరిశోధనకు మాత్రమే అని సీసా మీద రాసే ఉంటుంది కదా మేడం."

నాకు ఒళ్ళు మండిపోయింది. పరిశోధనకు మాత్రమే అంటే అర్థం ఏమిటి? పరిశోధనకైతే అబద్ధం చెల్లుతుందనా? నా దుకాణంలో ఒకడి ఫోటో తీసి ఇంకొకడి చేతిలో పెట్టి, ఫోటో అవసరాలకు మాత్రమే అని వెనకాల రాస్తే, నన్ను వీధిలో నిలబెట్టి వాయించరూ? ఈ పెద్దమనుషులు పెట్టెలోని మనిషిని మార్చి, పైన పేరు అలాగే ఉంచి, పాతవాడి ఫోటో అతికించి అమ్ముతున్నారు. మేమెవరమైనా అలా చేస్తే దాన్ని మోసం అంటారు. వాళ్ళు చేస్తే దానికి కేటలాగు అని పేరు.

నేను అరుస్తున్నాను, అన్నయ్య నన్ను కూర్చోమంటున్నాడు, వదిన మాత్రం తన చేతులు చూసుకుంటోంది.

"నా హస్తవాసి కుందేలుది మరిదీ" అంది.

"ఏంటి వదినా?"

"ఆ పిల్ల చెయ్యీ నా చెయ్యీ ఒకటే. నా సీసాలో మొదటి కుందేలుంది, దాని సీసాలో రెండోది. అంతే తేడా. ఆ పిల్ల పొర నిజమే చెప్పింది, సీసా తప్పని చెప్పింది. మేమే చెయ్యి తప్పన్నాం." ఇక అన్నం తినలేదు.

మర్నాడే వెళ్ళి పెద్దసారుకి చెప్పింది. చూద్దాంలే అన్నాడాయన. ఏం చూశాడో నా దుకాణంలోనే బయటపడింది.

ఒక సెలవురోజు పొద్దున్న ఆయన స్వయంగా నా దుకాణానికి వచ్చాడు. ఏదో పెద్ద సభ ఉంది, పోస్టరు కావాలి. నేను వదిన మరిదినని ఆయనకి తెలియదు. ఫైలు తెరిచాను. మధ్యలో పొర ఫోటో ఉంది. జబ్బున్నవాళ్ళ లేన్లే వరసగా నిలబెట్టారు, అన్నిట్లోనూ గీతలు. చివర ఖాళీ లేన్ లేదు. దాని అంచు ఎక్కడ తెగిందో నాలాంటివాడికి కనబడకుండా పోతుందా? పైన పేర్లున్నాయి. మొదట ఆయనది, తర్వాత మా వదినది.

"చివర ఇంకోటి ఉండాలేమో కదండీ?" అన్నాను.

"నువ్వు ప్రింటు చెయ్యవయ్యా బాబూ."

"చేస్తానండి, ఒక్క నిమిషం" అని మేడమెట్ల దగ్గరకెళ్ళి కేకేశాను. వదిన తడిచేతులు తుడుచుకుంటూ దిగొచ్చింది. ఆయన ముఖంలో రంగు మారింది. తెర మీద బొమ్మని మొదటినుంచి తెగిన అంచుదాకా చూసింది.

"సార్, ఇందులో నా పేరుంది."

"ఉండకూడదా ఏం? నీ కష్టం కూడా ఉందిగా."

"ఇది కొత్త సీసాతో తీసిన పొర. ఖాళీ లేన్ ఏది సార్?"

"స్థలం చాలలేదమ్మా."

నేను ఊరుకోలేదు. "స్థలానిదేముందండీ, గోడంత వేసిస్తాను" అన్నాను. ఆయన నావైపు కూడా చూడలేదు. వదినని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడాడు. దుకాణం ఎంతని, అంతా వినబడుతూనే ఉంది.

"చూడమ్మా, నీ గడువు దగ్గరపడింది. పాతది కాస్త మిగిలిందన్నావుగా. నీకు ఇంకా చెయ్యాల్సిన నమూనాలు ఒక్క పొరకి సరిపోతాయి. దాంతో ముగించుకో, నేను సంతకం పెడతాను. నీ థీసిస్‌లో ఒక్క అబద్ధం కూడా ఉండదు. కొత్తదాని గొడవ నీకెందుకు చెప్పు?"

నిజం చెప్పాలంటే మాట బాగానే ఉంది. నాకే ఒక్కక్షణం సబబుగా తోచింది. వదిన కూడా కాసేపు ఆలోచించింది.

"మరి ఆ పిల్ల సంగతో సార్?"

"ఏ పిల్ల?"

ఆయన నటించలేదు. నిజంగానే గుర్తులేదు. ఒక మనిషి చేతులు పనికిరావని గదినిండా జనంలో తీర్పు చెప్పి, ఆ మనిషి ఎవరో కూడా మరచిపోయాడు. కంపెనీవాడి మీద వచ్చిన కోపం ఈయన మీద వచ్చిన కోపం ముందు ఏపాటిది?

"మెల్లమ్మ సార్. హస్తవాసి లేదన్నారే."

"ఓ, తనా. వెళ్ళిపోయిందిగా మరి."

"పోస్టరులోంచి నా పేరు తీసెయ్యండి సార్" అంది వదిన.

"నీ ఇష్టం. తర్వాత నన్ననకు" అని ఆయన నావైపు తిరిగాడు. నేను మిషన్ పాడైందని చెప్పాను. అది పక్కనే గుర్రుగుర్రుమని ఎవరిదో పెళ్ళి ఫోటో కక్కుతూనే ఉంది. ఆయన పక్కవీధిలో ప్రింటు చేయించుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో చర్చ జరిగింది. అన్నయ్య ఎప్పుడూ ఆమె చదువులో వేలు పెట్టడు. ఆ రోజు మాత్రం పెట్టాడు.

"ఇన్నేళ్ళు పడ్డావు. బడి ఉద్యోగం వదులుకున్నావు. ముందు పట్టా పుచ్చుకోవే. చేతిలో పట్టా ఉంటే నీ మాట నలుగురూ వింటారు. ఆ కుందేలు సంగతి అప్పుడు తేలుద్దువుగాని."

"అప్పటికి మొదటి కుందేలు చుక్క మిగలదండీ. ఉన్నది ఒక్క పొరకే. దాంతో నా థీసిస్ అన్నా ముగుస్తుంది, రెండు కుందేళ్ళనీ పక్కపక్కన పెట్టి చూపించడమన్నా అవుతుంది. రెండూ కావు."

"గడువు పెంచమని అడగలేవూ?"

"పెంచేది ఆయనే."

 అప్పుడు మా అమ్మ లోపల్నుంచి, "ఆ పిల్ల తండ్రి వచ్చాడన్నావు చూడు, పాపం" అంది. అంతే, ఆ మాట దగ్గర అందరం లేచాం.

వదిన ఆఖరి చుక్క వాడిన రోజు నేనూ వెళ్ళాను. లోపలికి రానివ్వరు, వరండాలో బెంచీ మీద కూర్చుని అద్దంలోంచి చూశాను. ఒకే నమూనాలను రెండుసార్లు వరసగా పోసింది. పొరను మధ్యకి కోసి, ఒక సగం మొదటి కుందేలుకి, రెండో సగం రెండో కుందేలుకి ఇచ్చింది. రెండింటికీ అదే పాలపొడి, అవే నీళ్ళు, అదే చెయ్యి. కడగడం అయ్యాక రెండు సగాలనీ మళ్ళీ పక్కపక్కన చేర్చి చీకటి పెట్టెలో పెట్టింది. బయటికొచ్చి ఫోటో నా చేతిలో పెట్టింది. ఎడమవైపు జబ్బున్నవాళ్ళకే గీత, ఖాళీ లేన్ ఖాళీ. కుడివైపు అందరికీ గీతలు, ఖాళీ లేన్‌లో కూడా. చదువు రాని మా అమ్మకి చూపించినా తేడా చెబుతుంది.

పెద్దసారుకి మీటింగులో చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి ఏమన్నాడో తెలుసా?

"ఒక్కసారి చేస్తే రుజువు కాదమ్మా. మళ్ళీ చేసి చూపించు."

దేంతో చెయ్యాలి? చచ్చిన కుందేలుని లేపుకొచ్చా? "రెండోది తప్పని ఎన్నిసార్లయినా చూపిస్తాను సార్, మొదటిది మాత్రం ఇక లేదు" అంది వదిన. లేనిదాని గురించి మాట్లాడుకోవడం సైన్సు కాదని ఆయన మీటింగు ముగించాడు. మెల్లమ్మ పొరలు బీరువా నిండా ఉన్నాయి. వాటిని ఒక్కసారైనా తీసి చూడలేదు ఆ సైన్సు మనిషి.

గడువు దాటిపోయింది. థీసిస్‌లో కొందరు రోగుల లేన్లు పరీక్ష చెయ్యకుండా అలాగే ఖాళీగా ఉండిపోయాయి, పట్టా రాలేదు. పెద్దసారు వ్యాసం అచ్చయింది, ఖాళీ లేన్ లేకుండానే. అడుగున ఎక్కడో, చేతిసాయం చేసినందుకు అని మా వదినకి కృతజ్ఞతలు చెప్పారు. పేరు తీసెయ్యమన్నా వదల్లేదు చూడండి. కంపెనీకి వదిన రెండు సగాల ఫోటో పంపింది. వాళ్ళు పేజీలో పాత కుందేలు ఫోటో చడీచప్పుడు లేకుండా తీసేశారు. తప్పయిందని ఒక్క ముక్క రాయలేదు. అసౌకర్యానికి బదులుగా అని ఇంకో సీసా ఉచితంగా పంపారు. అదే నంబరు, రెండో కుందేలే. వదిన దానిమీద మార్కరుతో "అబద్ధం" అని రాసి లాబ్ ఫ్రీజర్‌లో ముందువరసలో పెట్టి వచ్చేసింది.

చుట్టాలు చెప్పాం కదా అన్నారు. వదిన మళ్ళీ బడిలో చేరింది. ఇప్పుడు పిల్లలకి సైన్సు చెబుతోంది. ఆమె మొహంలో నాకు పెద్దగా దిగులు కనబడదు, అదే నాకు ఇంకా మంట.

పోయిన నెల ఆ రెండు సగాల ఫోటో పెద్దది ప్రింటు వేసిమ్మని అడిగింది. ఎందుకన్నాను. "నాతో రా" అంది. నన్ను తీసుకెళ్ళింది బజారులో ఒక కళ్ళజోళ్ళ దుకాణానికి. లోపల బల్ల దగ్గర మెల్లమ్మ కూర్చుని, ఆవగింజంత మరమేకుని ఒక కళ్ళజోడులో బిగిస్తోంది. చేతికి గ్లౌజులు లేవు. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"అక్కా, మీరేంటి ఇలా? కళ్ళు చూపించుకోవాలా?"

"కాదమ్మా. నీకొకటి చూపించాలి."

వదిన ఆ ఫోటోని బల్ల మీద పరిచింది. ఆ అమ్మాయికి ఏదీ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. వేలు ఎడమవైపునుంచి ఒక్కో లేన్ మీద ఆనిస్తూ కుడివైపుకి వచ్చింది. చివరి గీత దగ్గర ఆగిపోయింది.

"ఇది ఖాళీదేనా అక్కా?"

"ఖాళీదే."

"ఈ పక్కదీ, ఆ పక్కదీ ఎవరు చేశారు?"

"రెండూ నేనే. ఒకే రోజు. అది మొదటి కుందేలు, ఇది రెండోది. నీ దగ్గరున్నది రెండోది."

మెల్లమ్మ వేలు మళ్ళీ ఎడమవైపు ఖాళీ లేన్‌కి వెళ్ళి వచ్చింది. తర్వాత, ఆమెకి ఉందని నేననుకోని గొంతుతో, దుకాణంలో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అంది.

"నేను చెప్పాను కదా అక్కా! ఒలకబొయ్యలేదని చెప్పాను కదా!"

"చెప్పావమ్మా. నేనూ వినలేదు."

కళ్ళు తుడుచుకుంది. కోపం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. ఫోటో చుట్టి తిరిగి ఇవ్వబోయి మళ్ళీ ఆగింది.

"ఇది నేను ఉంచుకోవచ్చా? మా నాన్నకి చూపించాలి."

"నీకోసమే తెచ్చాను" అంది వదిన.

అంచులు సమానంగా లేవు, ఫ్రేముకి పడుతుందో లేదోనని మెల్లమ్మ నన్నడిగింది. ఫ్రేమే పెద్దది చేయిద్దాం గానీ, అంచు మాత్రం కత్తిరించొద్దని చెప్పాను.